తీగలు ఉడికిన గిన్నె

ఇనుప తీగలు నీళ్లలో ఉడికితే ఒక వాసన వస్తుంది. వంటింట్లో పుట్టే మిగతా వాసనలు వేటితోనూ దానికి చుట్టరికం ఉండదు. నీళ్లు కాగుతున్నప్పుడు ఏమీ తెలియదు. తెర్లడం మొదలయ్యాక, తడిసిన తాళంచెవిని ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు ఒక చల్లటి లోహపు వాసన, దాని వెనకే పాతబడిన కొబ్బరినూనె కమురు, ఆ రెండింటికీ అడుగున, ఎరిగినవాళ్లకు మాత్రమే తెలిసేటంత పలచగా, మనిషి చెమట. మొన్న ఆదివారం పొద్దున మహదేవపురలో మా ఫ్లాటు వంటింట్లో ఆ వాసన చాలా ఏళ్ల తర్వాత మళ్లీ లేచింది. అమ్మ స్నానానికి వెళ్లింది. గుంటూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన నా భార్య కాఫీ కోసం వంటింట్లోకి వచ్చి, "ఏం వండుతున్నారండీ, వాసన అదోలా ఉంది?" అంటూ గిన్నెలోకి తొంగి చూసింది. చుట్టలు చుట్టుకుని మరుగుతున్న గిటారు తీగల్ని చూసి, "ఆర్డర్ పెడితే సాయంత్రానికి కొత్తవి వచ్చేస్తాయి కదా" అంది. నిజమే, వచ్చేస్తాయి. ఈ తీగలు మా మామవి అని మాత్రం చెప్పాను. ఆమె పక్క పొయ్యి మీద పాలు పెట్టుకుంది.

మా మామ పేరు నాగరాజు. అమ్మకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. నా చిన్నతనమంతా మా ఇంట్లోనే ఉన్నాడు. చిక్కపేట వెనక సందుల్లో, ఒకే పెద్ద వాకిలి లోపల ఏడెనిమిది కుటుంబాలు కాపురముండే వఠారంలో మాది చివరి ఇల్లు. అటు పక్క గోడకు ఆవల బట్టల గోదాము ఉండేది. ఎండాకాలం ఆ గోడ వేడెక్కి కొత్త గంజిబట్టల వాసన ఇల్లంతా నిండేది. వానాకాలం నడివాకిట్లో నీళ్లు నిలిచి పిల్లలం కాగితపు పడవలు వదిలేవాళ్లం. చలికాలం వస్తే బండ్ల మీద అనపకాయలు కుప్పలు పోసి అమ్మేవాళ్లు. వఠారంలోని ఆడవాళ్లంతా మధ్యాహ్నం వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చుని, నానబెట్టిన గింజల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పితికి పప్పు తీస్తూ, కన్నడమూ తెలుగూ కలగలిపి లోకంలోని సంగతులన్నీ చెప్పుకునేవాళ్లు. ఆ పప్పులో కొబ్బరి, ధనియాలు నూరి వేసి అమ్మ చేసే పులుసు వాసనకు, గోలీలాట వదిలేసి ఇంట్లోకి పరుగెత్తేవాళ్లం. నాన్న ఆనేకల్ వైపు మగ్గాల దగ్గర పట్టుచీరలు తీసుకుని చిక్కపేట దుకాణాలకు వేసేవాడు. ఆయన మాట మీదే మామను ఒక చీరల దుకాణంలో పనికి పెట్టుకున్నారు.

అది మామకు పగటి పని. సాయంత్రాలు ఆయన ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. పెళ్లిళ్లలో, పేటల్లో, వినాయకుడి పందిళ్ల ముందు సినిమా పాటలు పాడే జట్టు అది. గిటారు ఎర్ర రంగుది. దాని ఒంటిని హార్మోనియం పెట్టెలు చేసే వడ్రంగి ఒకడు కోసి ఇచ్చాడు. తీగల కింద ఉండే అయస్కాంతాల పట్టీలు మాత్రం కంటోన్మెంటులో క్లబ్బుల్లో వాయించిన ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ సారు ఇచ్చినవి. మామకు గిటారు నేర్పింది ఆయనే. ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ పోతూ తన పాత గిటారు విప్పి ఆ పట్టీలు మామ చేతిలో పెట్టి వెళ్లాడట. ఆంప్లిఫయరు అంటే ఒక పాత వాల్వు రేడియో. మామ దాని కడుపులో ఏవేవో మార్చి, గిటారు వైరు గుచ్చుకునేలా చేసుకున్నాడు. స్విచ్చి వేశాక అది వెంటనే పలికేది కాదు. లోపలి గాజుబుడ్లు ఎర్రగా వెలిగి, వాటి మీది దుమ్ము కాలుతున్న వాసన వచ్చి, గదిలో తేనెటీగ తిరుగుతున్నట్టు సన్నటి మోత మొదలయ్యేదాకా మేమిద్దరం దాని ముందు గొంతుక్కూర్చుని చూసేవాళ్లం.

కొత్త తీగలు అప్పుడు దొరకడం కష్టం. అందుకని ప్రోగ్రాం ఉన్న రోజు మామ గిటారు తీగలు ఊడదీసి, లావుపాటి మూడింటినీ చుట్టలు చుట్టి నీళ్లలో వేసి ఉడికించేవాడు. వాటి మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్ల సందుల్లోకి దిగిన చెమట, జిడ్డు, మట్టి వేడినీళ్లకు వదిలిపోయి తీగ మళ్లీ కొత్తదానిలా ఖంగుమంటుందట. కంటోన్మెంటు సారు నేర్పిన విద్యే అది. వాయించడం అయ్యాక తుప్పు పట్టకుండా కొబ్బరినూనె గుడ్డతో తుడవడం మాత్రం మామ సొంతం. మా ఇంట్లో చారు గిన్నె ఒక్కటే దానికి సరిపడా ఉండేది కాబట్టి అమ్మకూ మామకూ ప్రతిసారీ తగువే.

"ఎవురన్నా తినే గిన్నెలో ఇనుము ఉడికిస్తారేమిరా? రేపు చారు ఎవురు తాగుతారు?"

"బలం అక్కా బలం. డాక్టర్లు రక్తానికి ఇనుమే రాసిస్తాండారు. నీకు ఉత్తపుణ్యానికి దొరుకుతాండాది."

"నీ నోట్లో మన్ను బొయ్య. చింతపండేసి తోమి పెట్టు, లేకుంటే రాత్రికి నీకు అదే నీళ్లు పోస్తా."

మామ నవ్వుతూ గిన్నె తోమేవాడు. తీగల్ని పాత పంచెగుడ్డలో ఒత్తి వాకిట్లో ఎండకు ఆరేసి, నన్ను కాకి కాపలా పెట్టేవాడు. కాకులకు మెరిసేది కనిపిస్తే చాలు.

ఆ కాపలా సమయంలోనే ఆయన నాకు గిటారు కథ చెప్పేవాడు. పుస్తకంలో చదివింది కాదు. కంటోన్మెంటు సారు చెప్పిందీ, తను చూసిందీ కలిపి చెప్పేవాడు. "మొదట్లో గిటారు కట్టెది రా సీనా. దాని గొంతు చిన్నది. పెద్ద పెద్ద హాళ్లలో డ్రమ్ములూ ఊదే వాయిద్యాలూ అంత గలాటా చేస్తాంటే దీన్ని ఎవురు వింటారు? ఎవురో పుణ్యాత్ముడు తీగల కింద అయస్కాంతం పెట్టినాడు. అప్పుడు దీనికి నోరొచ్చింది." అలా అంటూ అమ్మ తలపిన్ను తీసి ఆ పట్టీ దగ్గర వదిలితే అది టక్కున అతుక్కునేది. మొదట వచ్చిన ఎలక్ట్రిక్ గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించేవారట. మన సినిమా పాటల్లోకి ముందు వచ్చిందీ అదే. రేడియోలో మాటలు లేకుండా పాట మొత్తాన్ని ఆ కడ్డీతోనే ఏడిపించేవారని, మామ చిన్నప్పుడు మా అమ్మమ్మ అది వింటూ పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకునేదని చెప్పేవాడు. తర్వాత గిటారు లేచి మనిషి భుజానికి వేలాడింది. క్లబ్బు డాన్సు పాటల్లో, మోటారు సైకిలు మీద హీరో వచ్చే పాటల్లో అది ముందుకొచ్చి నిలబడింది. తర్వాత ఎవరో ఆంప్లిఫయరు గొంతు చిరిగేదాకా పెంచి, ఆ చిరుగునే అందం చేశారు. మామ ఆ చిరుగు కోసం తన రేడియో స్పీకరు అట్టకు బ్లేడుతో గాటు పెట్టాడు. కంటోన్మెంటు వైపు జుట్టు పెంచుకున్న కాలేజీ పిల్లలు ఇంగ్లీషు పాటలు వాయించే బ్యాండ్లు పెట్టుకున్నారని, వాళ్ల గిటార్లు విమానంలో వచ్చినవని తెలుసు. మామ ఒకసారి నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఒక మైదానం గోడ బయట నిలబడి వాళ్ల వాయింపు విన్నాడు. "బాగా లాగుతాండారు తీగ" అన్నాడు, అంతే. వాళ్ల లోకం వేరు, మాది వేరు. తీగ ఒకటే.

తీగ లాగడం అంటే, ఒక స్వరం మీద వేలు పెట్టి, మీటి, ఆ తీగను పక్కకు ఒత్తుకుంటూ పోవడం. స్వరం నిలబడి ఉన్నచోటి నుంచి మెల్లగా పైకి వంగుతుంది. మామకు ఆర్కెస్ట్రాలో పేరంతా ఆ వంపు వల్లనే వచ్చింది. పల్లవికీ చరణానికీ మధ్య వాయించే ముక్కను వాళ్లు బిట్టు అంటారు. ఒక పాట బిట్టు చివర మామ తీగ లాగి పట్టుకుంటే, పందిరి ముందు జనం ఊపిరి బిగబట్టి, ఆయన వదలగానే ఈలలు వేసేవారు. ఆ లాగుడు వల్ల ఆయన ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాచి, ఎండిన చింతగింజల్లా గట్టిగా ఉండేవి. నా బుగ్గ నిమిరితే గరుకుగా గీసుకునేది.

చీరల దుకాణంలో ఆ వేళ్లే ఇబ్బంది. తెల్ల పరుపుల మీద కూర్చుని పట్టుచీర మడత విప్పి పరుస్తుంటే కాయ గరుకుకు పోగు తగులుకుని లేచి వచ్చేది. ఒక్క పోగు లేచినా ఆ చీర ఇంక మంచి చీర కాదు. అందుకని మామ ఎడమచేయి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తోనే చీరలు పరచడం అలవాటు చేసుకున్నాడు. చూసినవాళ్లు చేతికి ఏమైందని అడిగేవారు. దుకాణం సావుకారు చెడ్డవాడు కాడు. చాలాసార్లు చూసి చూసి, "గిటారన్నా వదులు, పట్టన్నా వదులు నాగరాజూ" అన్నాడు. మామ పట్టు వదిలాడు. సావుకారు ఆయన్ను వెనక గదిలోకి, మూటలు కట్టే పనిలోకి మార్చాడు. ముందు కూర్చునే మనిషి వెనక్కి పోవడం చిక్కపేటలో చిన్న సంగతి కాదు. నాన్న రెండు రోజులు మామతో మాట్లాడలేదు. మామ మాత్రం ఆ సాయంత్రం తన కాయల్ని దీపం వెలుగులో చూసుకుంటూ, "ఇంగ వీటికి భయం లేదు" అన్నాడు.

వినాయక చవితి వస్తే మా పేటల్లో ఒక్కో పందిరి ఒక్కో రోజు ప్రోగ్రాం పెట్టేది. అది నెలదాకా సాగేది. పగలు కుడుములు, ఉడికించి కొబ్బరి చల్లిన సెనగ గుగ్గిళ్లు, అరటాకు ముక్కల్లో పంచే చిత్రాన్నం. సాయంత్రమైతే సందు మలుపులో చెక్కల స్టేజీ, రంగు బల్బుల తోరణాలు, వేరుసెనగలు వేయించే బండి నుంచి లేచే ఇసుక పొగ. మామ మెరూన్ రంగు శాటిన్ చొక్కా వేసుకుని స్టేజీ ఎడమ పక్కన నిలబడేవాడు. ఆయన కాళ్ల దగ్గర, రేడియో పెట్టె పక్కన నా జాగా. ఇంట్లో ఆయన సాధన చేస్తుంటే విని విని ఆయన బిట్లన్నీ నాకు నోటికి వచ్చేసేవి. భజన మందిరంలో హార్మోనియం నేర్చుకుంటున్నాను కాబట్టి వేళ్లకూ వచ్చేసేవి. నేను హార్మోనియం మీద ఆయన బిట్టు వాయిస్తే, ఆయన వఠారమంతా పిలిచి వినిపించి, "నా మేనల్లుడు" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆర్కెస్ట్రా నడిపే మాస్టరు ఒక కీబోర్డు తెచ్చాడు. జుట్టుకు రంగు, కాళ్లకు తెల్ల బూట్లు వేసుకుని, మగ గొంతు పాటలన్నీ తనే పాడే మనిషి ఆయన. పెట్టె విప్పితే మీటలు, గుండీలు, ఎర్ర అంకెలు. మాస్టరుకు దాని ఇంగ్లీషు పుస్తకం అర్థం కాలేదు. ఇంగ్లీషు బడిలో చదివే నన్ను పిలిచారు. ఒక అంకె నొక్కితే వేణువు, ఇంకో అంకెకు వయొలిన్లు, ఇంకో అంకెకు గుడిగంటలు. జట్టులోని వాళ్లంతా చుట్టూ చేరి చిన్నపిల్లల్లా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మామే. గిటారు అని రాసి ఉన్న అంకె దగ్గర నేను ఆగాను. మాస్టరు, "మీ మామ బిట్టు దీంట్లో వస్తాదా సీనా?" అన్నాడు.

నేను మామ వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. వాయించాను. మొదటినుంచి చివరిదాకా, ఆయన ఇంట్లో సాధన చేసినప్పటి ప్రతి చిన్న ఆగుడుతో సహా వాయించాను. ఒక్క చివరి వంపు మాత్రం రాలేదు. స్వరం మెట్టు మీద నుంచి మెట్టు మీదికి దూకింది. అది ఎవరూ పట్టించుకోలేదు. ముందుగా చప్పట్లు కొట్టింది మామ.

కీబోర్డు వాయించే పని నాకే అప్పగించి, సాధనకు దాన్ని మా ఇంటికి పంపారు. చవితి ప్రోగ్రాం దగ్గర పడుతుండగా మాస్టరు నన్ను పక్కకు పిలిచాడు. "వ్యానులో జాగా లేదప్పా. కీబోర్డు పెట్టె, దాని స్టాండు, నువ్వు. ఇంగ గిటారు, ఆ రేడియో డబ్బా యాడ పెట్టేది? బిట్లన్నీ నువ్వే వాయిస్తాండావు కదా, ఇద్దరెందుకు? మీ మామను ఈ తూరి రెస్టు తీసుకోమను. నేను చెప్తే బేజారవుతాడు. నువ్వయితే ఇంట్లో పిల్లోడివి, మెల్లగా చెప్పు."

నేను తలూపాను. ఆ వారమంతా చెప్పలేదు. భయపడి చెప్పలేదని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. చెబితే మామ పోయి మాస్టరుతో మాట్లాడతాడు. మాస్టరుకు మామ మీద గౌరవం ఉంది, మనసు మార్చుకోవచ్చు. అప్పుడు బిట్లు మళ్లీ మామవి అవుతాయి, నాకు వేణువూ గుడిగంటలూ మిగులుతాయి. స్టేజీ మీద ఆ ఈలలు నాకు కావాలి. ఈ లెక్క పద్నాలుగేళ్ల వయసులో నేను స్పష్టంగా వేసుకున్నాను. అందుకే పిల్లతనం అని దాన్ని కొట్టిపారేయలేను.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం మామ తీగలు ఊడదీశాడు. అమ్మ ఆ రోజు తగువు పెట్టుకోలేదు. తనే చారు గిన్నె కడిగి ఇచ్చి, "ఈ పొద్దు మామా అల్లుడూ ఇద్దురూ స్టేజీ ఎక్కుతాండారు కదా, తీస్కో పో" అంది. నీళ్లు మరిగాయి. ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆయన పంచెగుడ్డలో తీగలు ఒత్తి నా చేతికిచ్చి, కాకుల్ని చూడమన్నాడు. వాకిట్లో ఎండకు అవి మెరుస్తుంటే వాటి ముందు కూర్చున్నాను. ఇప్పుడు చెప్పవచ్చు అనుకున్నాను. తీగలు బిగిస్తున్నప్పుడు చెప్పవచ్చు అనుకున్నాను. ఆయన మెరూన్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నప్పుడు కూడా అనుకున్నాను.

సాయంత్రం సందు మొదట్లో వ్యాను హారను మోగింది. మామ గిటారు భుజాన వేసుకుని, రేడియో పెట్టె చంకన పెట్టుకుని ముందు నడిచాడు. నేను కీబోర్డు పెట్టె ఈడ్చుకుంటూ వెనక. వ్యాను తలుపు తెరిచిన మాస్టరు, మామ చంకలో పెట్టెను చూసి నా వైపు చూశాడు. లోపల డోలక్ వాయించే ఆయన తన ఒళ్లోకి చూసుకున్నాడు. పాడే అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. మామ ఒక్కొక్కరినీ చూసి, చివరికి నన్ను చూశాడు.

"నీకు తెలుసునా?"

నేను వంగి కీబోర్డు పెట్టె పిడి పట్టుకున్నాను.

ఆయన గిటారునూ రేడియో పెట్టెనూ అరుగు మీద పెట్టి, నా కీబోర్డు పెట్టెకు రెండో వైపు చేయి వేసి, "ఎత్తు. లేటయితాది" అన్నాడు. ఇద్దరం కలిసి దాన్ని వ్యానులోకి ఎక్కించాం. నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు.

ఆ సాయంత్రం బిట్టుకు ఈలలు పడ్డాయి. వన్స్ మోర్ అన్నారు. రెండోసారి వాయిస్తూ తలెత్తితే, వేరుసెనగల బండి పక్కన, పొగలో, మెరూన్ శాటిన్ చొక్కాలో మామ నిలబడి ఉన్నాడు. రంగు బల్బుల వెలుగుకు చొక్కా మెరుస్తోంది. స్టేజీ చొక్కా వేసుకుని జనంలో నిలబడ్డ మనిషిని పక్కనున్నవాళ్లు వింతగా చూస్తున్నారు. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఎడమచేతి వేళ్లు తొడ మీద కదులుతున్నాయి.

మరుసటి పొద్దున ఉప్మా తింటూ, ఏమీ జరగనట్టే, "బిట్టు బాగుండె. చివర వంపే రాలే" అన్నాడు. తర్వాత, "ఆ పెట్టెకు ఎడమ పక్కన చిన్న చక్రం ఉండాదే, అది దేనికి?" అని అడిగాడు. స్వరాన్ని పైకీ కిందికీ వంచడానికని చెప్పాను. చేయి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా ఎడమచేతి బొటనవేలిని ఆ చక్రం మీద పెట్టి, దాని మీద తన గరుకు వేలు ఆనించి మెల్లగా తోశాడు. "బిరీన తిప్పొద్దురా. తీగ లాగేటప్పుడు అది ఎదురు తిరుగుతాది, వేలికి నొప్పి తెలుస్తాది. నీ చక్రానికి నొప్పి లేదు. ఉన్నట్టు అనుకోని తిప్పు." ఆ రోజు నాకు వంపు వచ్చింది. దానితో ఆర్కెస్ట్రాలో ఆయన అవసరం పూర్తిగా తీరిపోయింది. ఆ ఆఖరి ముక్క కూడా ఆయనే అందించాడు. నేను తీసుకున్నాను.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు. అడిగితే చేసింది తప్పని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ప్రోగ్రాములు మానాలి. చదువు చివరిదాకా వాయిస్తూనే ఉన్నాను. గిటారు గోడకు వేలాడింది. కొన్నాళ్లు ఆయన దాన్ని దించి తుడిచేవాడు, తర్వాత అమ్మ దుమ్ము దులిపేది. చారు గిన్నెలో చారు తప్ప ఇంకేమీ కాగలేదు. అమ్మ కొన్నాళ్లు, "తోముకునే పని తప్పింది" అని పైకి అనేది. ఆ మాటకు ఎవరూ నవ్వేవారు కారు.

నా పెళ్లికి చీరలు కొనడానికి గుంటూరు నుంచి మా అత్తగారు వాళ్లు వచ్చినప్పుడు, మామ పనిచేసే దుకాణానికే తీసుకెళ్లాను. అప్పటికి ఆయన మళ్లీ ముందు పరుపు మీద కూర్చుంటున్నాడని వినే ఉన్నాను. ఎందుకో ఆలోచించలేదు. పట్టుచీర ఒకటి ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులతో, నీళ్లు పారబోసినట్టు పరుపు మీద పరిచాడు. ఎడమచేయి పమిట అంచు నుంచి కుచ్చెళ్లదాకా చీర నిడివినా జారిపోయింది. ఎక్కడా ఆగలేదు, ఒక్క పోగు లేవలేదు. మా అత్తగారు, "ఎంత మెత్తగా పరుస్తారండీ బాబూ" అన్నారు. గల్లా దగ్గరి నుంచి సావుకారు నవ్వుతూ, "నాగరాజు చేయి ఇప్పుడు పట్టుకు కుదిరిందమ్మా" అన్నాడు. మామ కూడా నవ్వాడు. నేను ఆ వేళ్ల కొసల్నే చూస్తూ ఉండిపోయాను. గులాబీ రంగులో, నున్నగా, ఏనాడూ ఏ పనీ ఎరగని వేళ్లలా ఉన్నాయి. ఎవరికి ఏ చీర కొన్నామో నాకు గుర్తు లేదు.

కీబోర్డు కథా అంతే అయింది. కొన్నేళ్లకు మాస్టరు వాయిద్యాలన్నీ ముందే నింపిన ట్రాకులు తెచ్చుకున్నాడు. గుండీ నొక్కితే పాట మొత్తం మోగుతుంది, మీద గొంతు కలిపితే చాలు. "ఇంగ అంతా ట్రాకే సీనా" అని ఫోను చేసి చెప్పాడు. అప్పటికి నాకు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉద్యోగం ఉంది. నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడం తర్వాత చాలా రోజులు బాధించింది. మామ దగ్గర తీసుకున్న జాగాను నేను అంత తేలికగా వదిలేశాను.

దుకాణం మానేశాక మామ గిటారునూ రేడియోనూ వెంట తీసుకెళ్లి ఆనేకల్‌లో ఒక గది తీసుకుని ఉన్నాడు. పోయిన ఏడాది ఒకసారి ఫోనులో, సిగ్గుపడుతున్నట్టు చెప్పాడు. "గిటారు దించినాను రా. వేళ్లు నొప్పెడతాండాయి, కొత్తగా నేర్చే పిల్లోడి మాదిరి." గట్టిగా నవ్వి, "రేడియో పని చేస్తాండాది, వైరే తెగిపోయింది. ఒక వైరు తెచ్చిస్తావా?" అన్నాడు. ఆ వైరు ఏ సంగీతం అంగట్లోనైనా దొరుకుతుంది. ఆ వారమే కొన్నాను. కారు వెనక పెట్టాను. వచ్చే ఆదివారం వస్తానని చెప్పాను. మళ్లీ వచ్చే ఆదివారం అని చెప్పాను. ట్రాఫిక్ అన్నాను, మీటింగులు అన్నాను, ఒక వాన అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. ఒక పొద్దున ఆయన ఇంటి ఓనరు ఫోను చేశాడు. గుండె ఆగిపోయిందట. నిద్రలోనే. అంత్యక్రియలకు ఆనేకల్ వెళ్లిన కారులోనే, వెనక, కవరు విప్పని వైరు ఉంది.

గిటారు నా దగ్గరికి వచ్చింది. గది ఖాళీ చేసేటప్పుడు రేడియో పెట్టెను ఎవరో పాత సామాన్ల బండికి వేసేశారు. మా వఠారం ఉన్నచోట ఇప్పుడు అద్దాల కాంప్లెక్సు, కింద మెట్రోకు పోయే జనం. మా అపార్టుమెంటులో చవితికి ఒక అబ్బాయి లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడతాడు. అందులోంచి గిటారు కూడా వినిపిస్తుంది, వంపుతో సహా. ఎక్కడా ఎవరి వేలూ కదలదు.

మొన్న ఆదివారం నేను తీగలు తీసి ఆరబెట్టాను. గిన్నె తోముతుండగా అమ్మ స్నానం ముగించుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. వాసన తెలిసింది ఆమెకు. "ఏ గిన్నెరా? చారు గిన్నె కాదు కదా?" అంది. కాదన్నాను. ఆమె సింకు దగ్గరికి వచ్చి లోపలికి చూసింది.

"నీళ్లు పారబోసినావా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. చివరి నెలల్లో, మెత్తబడిపోయిన వేళ్లతో, నొప్పికి ఓర్చుకుంటూ ఆయన ఆ తీగల మీద వదిలిన చెమటే ఆ నీళ్లలో ఉంది. ఆయన తన తీగలు ఉడికించింది ఎప్పుడూ ఇంకో ప్రోగ్రాం ఉందనే. ఏ ప్రోగ్రామూ లేని నేను ఉడికించి, కడిగి, సింకులో పోశాను. అమ్మ కొళాయి కట్టేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

తీగలు బిగించాను. రేడియో లేకుండా ఆ గిటారు గొంతు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. పక్కన మిక్సీ వేస్తే నాకే వినిపించలేదు. ఆ బిట్టు చివరి స్వరం మీద ఎడమచేతి వేలు పెట్టి, మీటి, పక్కకు ఒత్తాను. తీగ ఎదురు తిరిగింది. ఇంకా ఒత్తాను. వేలి కొసలో కోసినట్టు నొప్పి పుట్టింది. స్వరం సగందాకా వంగి నిలిచిపోయింది, ఆపైకి నా వల్ల కాలేదు. మళ్లీ మళ్లీ ఒత్తి చూసి, వదిలేసి, వేళ్లు చూసుకున్నాను. కొసల మీద తీగ ముద్ర ఎర్రటి గీతలుగా లోతుగా పడింది. వాటినే చూసుకుంటూ కూర్చున్నాను. నా భార్య అన్నానికి పిలిచింది. కంచం ముందు కూర్చునేసరికి గీతలు చెరిగిపోయాయి.